పాత సామాను గదిలో లినక్స్

ఉరుము వినబడగానే నా చెయ్యి ఇప్పటికీ గోడ మీది మెయిన్ స్విచ్చు వైపు పోతుంది. టేకులపల్లి దగ్గర మా గూడెంలో మబ్బు పట్టిందంటే ముందు కరెంటు తీసేయాలి, ఆరేసిన బట్టల సంగతి ఆ తర్వాతే. ఆ చేతిని సగంలో ఆపేది సత్యం సార్ కేక. ఆయనకు జరిగింది గుర్తొస్తే నాకు కన్నీళ్లు రావు, ఒళ్లు మండుతుంది.

తొంభైల చివర్లో ఖమ్మంలో నేను చదివిన ఐటీఐకి కొత్త కంప్యూటర్లు వచ్చాయి. ఏసీ గది, గుమ్మం బయటే చెప్పులు. మా గూడేల పిల్లలం చెప్పులు విప్పినా లాభం లేదు. వెనక నిలబడి చూడటమే మా చదువు. "మీరు ముట్టుకుంటే పాడైతయ్" అనేవాడు ప్రిన్సిపాల్. ల్యాబ్ అసిస్టెంట్ సత్యం సార్ ఆ మాట భరించలేకపోయారు. పాత సామాను గదిలో విరిగిన బెంచీల కింద పడి ఉన్న కంప్యూటరును బయటికి లాగి, దుమ్ము దులిపి, కట్టెడు ఫ్లాపీలతో అందులో లినక్స్ అనే, కంప్యూటరును నడిపే సాఫ్ట్‌వేర్ ఎక్కించారు. నన్ను దాని ముందు కూర్చోబెట్టి, "బొమ్మలు గిట్ల ఏముండవమ్మా. టైపు చేసిందే చేస్తది. తప్పు కొడితే తప్పని చెప్తది గానీ, నువ్వెవరి బిడ్డవని అడగదు" అన్నారు.

మూడు వారాలు తిప్పలు పడి, మా హాస్టల్ హాజరు చూపించే చిన్న ప్రోగ్రాం రాశాను. ఒక మధ్యాహ్నం ఉరిమింది. అలవాటుగా లేచి మెయిన్ లాగేశాను. మళ్లీ వేస్తే తెర నిండా తప్పుల వరసలు, ప్రోగ్రాం గల్లంతు. "ఏంది పిల్లా! అది పని మీదుంటే పీకేస్తరా? ముందు షట్‌డౌన్ కొట్టు. అది లోపల రాసుకునేది రాసుకోనియ్" అని సార్ కేకేశారు. నేను ఏడుస్తుంటే ఫ్లాపీల కట్ట ఒళ్లో పడేశారు. "ఏడుపు తర్వాత. ఒకటో నంబరు పెట్టు." ఆయన కీబోర్డు ముట్టుకోలేదు. నాలుగో రోజుకు మొత్తం నేనే ఎక్కించాను.

సరిగ్గా అప్పుడే ప్రిన్సిపాల్ వచ్చాడు. "ఎవరు కూసోమన్నరు ఈమెను?"

"ఈ డబ్బాను మీరే చెత్త అని రిజిస్టర్ల రాసిండ్రు" అన్నారు సార్. "చెత్తను ముట్టుకునే హక్కు గూడ లేదా ఈ పిల్లకు?"

ప్రిన్సిపాల్ వంగి, నడుస్తున్న కంప్యూటరు ప్లగ్గు పీకేశాడు. నేనంటే ఉరుముకు భయపడి పీకాను. ఆయనకేం భయం?

కంప్యూటరు పాత ఇనుము బండెక్కింది. సార్‌ను మారుమూల చర్లకు బదిలీ చేసి తరిమారు. బస్టాండులో ఆయన ఫ్లాపీల సంచి నా చేతిలో పెట్టి, "యాడనో ఓ పాత డబ్బా దొరుకుతది. ఎక్కియ్యడం నీకొచ్చు గద" అన్నారు.

దొరికింది. ఇప్పుడు సర్వర్లు చూసుకునే ఉద్యోగం నాది. ఇంట్లో ఉన్నప్పుడు ఉరిమితే ముందు నా కంప్యూటరుకు షట్‌డౌన్ కొట్టి, అది సర్దుకునే దాకా ఆగుతాను. ఆ ప్రిన్సిపాల్‌ను మాత్రం ఈనాటికీ క్షమించలేదు, క్షమించను కూడా. నా దగ్గర పని నేర్చుకోవడానికి వచ్చిన పిల్లలను మొదటి రోజే కీబోర్డు ముందు కూర్చోబెడతాను, కాళ్లకు చెప్పులతోనే.