నీరుగంటికి చీర

తిరుత్తణిలో ఆర్.కె.పేట బస్సెక్కి కూర్చోగానే, పక్క సీట్లో పెద్దాయన ఒడిలోని పొట్లం విప్పి నాకు చూపించాడు. ఎర్ర అంచున్న తెల్ల చీర.

"బాగుండాదామ్మా? మా నీరుగంటికి. ఎన్నో ఏండ్లకి చెరువు నిండి మరవ పోతాండాది."

నీరుగంటి అంటే చెరువు తూము తెరిచి ఏ మడికి ఎన్ని నీళ్లో పంచే మనిషి. చెరువు నిండి మరవ, అంటే అలుగు, పొర్లిన రోజు ఊరంతా అక్కడ చేరి నీరుగంటికి కొత్త బట్ట పెట్టడం వాళ్ల ఆచారమట. ఇన్ని తరాలూ తెల్ల పంచె పెట్టారు. పోయిన ఏడు నీరుగంటి చనిపోతే, ఆ పని ఊళ్లోనే కాపురమున్న ఆయన కూతురు మునెమ్మ అందుకుంది.

"పంచె తెల్లది గదా అని చీరా తెల్లదే తీసినాము."

నాకు ఒళ్లు మండింది. "కాపురం చేసుకునే ఆడమనిషికి తెల్ల చీర పెడతారా పెద్దయ్యా? మీ ఇంట్లో ఆడవాళ్లనైనా అడగలేదా?"

ఆయన ముఖం వాడిపోయింది. దిగిపోయి మార్చుకొస్తానని లేచాడు. ముందు ఆమెనే అడగమన్నాను. స్పీకర్ పెట్టి ఫోన్ చేశాడు.

"మునెమ్మా, చీర తెల్లది తీసేసినాము. తప్పయిపోయినాది. నీకు ఏ రంగు కావల?"

అవతల మరవ హోరు. దాని మీదుగా ఆమె గొంతు.

"మా నాయనకి ఏది పెడతా ఉంటిరయ్యా?"

"తెలుపే."

"నాకూ అదే తెండి."

విప్పిన చీరను మడత నలగకుండా కాగితంలో చుట్టి ఆయన ఒడిలో పెట్టింది నేనే.