నాంచారమ్మ రొయ్యల మీద నేను వేసిన నింద

ఏళ్ళ తరబడి మోస్తున్నాను. ఇంట్లోవాళ్ళకి చెప్పలేదు. మీరెవరో నాకు తెలీదు కాబట్టే మీకు చెప్పగలుగుతున్నాను.

అప్పట్లో నేను మచిలీపట్నంలో రొయ్యలు ఎగుమతి చేసే కంపెనీలో పర్చేజ్ ఆఫీసర్ని. కోడూరు దగ్గర పల్లె నుంచి నాంచారమ్మ మాకు సముద్రపు రొయ్యలు తెచ్చేది. భర్త లేడు. తను పెంచిన మరిదే పడవ మీద వేటకి వెళ్ళేవాడు. తుఫాను వారంలో అందరూ చేతులెత్తేసినా ఆవిడ మాట తప్పలేదు.

కొనడమంటే బేరమాడటం కాదు, ఎవరి దగ్గర కొంటున్నామన్న దాని మీదే కంపెనీ నిలబడుతుందని కొత్త మేనేజరు గారు అన్నారు. నిజమే. చిన్న సప్లయర్లని తగ్గించమన్నారు. నాంచారమ్మని మాత్రం కారణం లేకుండా తీసేయొద్దన్నారు. కారణం దొరకలేదు. చిన్న సప్లయర్లని ఎంత తగ్గిస్తే పర్చేజ్ హెడ్ పదవి అంత దగ్గరవుతుందని నాకు ఆశ. నిషేధించిన మందులు వాడారని మేం తిప్పి పంపబోతున్న చెరువు రొయ్యల్లోంచి కొన్ని తీసి, ఆవిడ పేరు రాసి ల్యాబ్‌కి పంపాను.

మందులున్నాయన్న రిపోర్టు పట్టుకుని నాంచారమ్మ గేటు దగ్గర నిలబడింది.

"సముద్రంలో రొయ్యకి మందెవరేస్తారు బాబూ?"

"రిపోర్టు అబద్ధం చెప్పదు నాంచారమ్మ గారూ."

అంతకుముందెప్పుడూ ఆవిడని 'గారూ' అనలేదు. ఆ రోజెందుకన్నాను?

ఈ మాట పాకి మిగతా కంపెనీలూ ఆవిడ సరుకు మానేశాయి. నాకు పదవొచ్చింది. రెండేళ్ళ తర్వాత పని మీద అవనిగడ్డ వెళ్ళి, అక్కణ్ణుంచి వాళ్ళ ఊరెళ్ళాను. బాగానే ఉందని కళ్ళారా చూసి నా మనసుకి నచ్చజెప్పుకుందామనే వెళ్ళానో, చెప్పేద్దామనే వెళ్ళానో ఇప్పటికీ తేల్చుకోలేను. ఎవరిదో షెడ్డులో రొయ్యలు ఒలుస్తోంది. నన్ను చూసి లేచి, కుర్చీ తుడిచి వేసింది.

"మీ పుణ్యమా అని ఇంటి దొంగ దొరికాడు బాబూ. నా మరిది. వేట లేనప్పుడు చెరువు పనికెళ్ళేవాడు. ఆ రొయ్యలే నా సరుకులో కలిపాడు. ఎంత ఏడ్చినా గడప తొక్కనివ్వలేదు."

అతను ఊరొదిలి వెళ్ళిపోయాడట. ఎక్కడున్నాడో తెలీదట.

నిజం నోటిదాకా వచ్చింది. మంచినీళ్ళు తాగి లేచాను.

అతనేమీ కలపలేదు. ఎవరూ కలపలేదు. ఆ రొయ్యలు పంపింది నేను. ఇది నాంచారమ్మకి చెప్పాల్సిన మాట. మీకు చెప్పాను. గుండెల్లో కాస్త తేలిగ్గా ఉంది. అలా ఉండటానికి నాకేం హక్కుందో తెలీదు.