మహాదేవప్ప కళ్లానికి నూనె పట్టించిన నాగప్ప

సుతారి నాగప్ప గురించి మా జహీరాబాద్‌లో నాలుగైదు రకాల కథలు తిరుగుతున్నాయి. వాటన్నింట్లోకీ సరైనది నా దగ్గర ఉన్నదే. ఏడో తరగతిలో బడీ నేనూ ఒకరినొకరం వదులుకున్నాం కనుక సంవత్సరాలు కొంచెం అటూ ఇటూ కావచ్చు. విషయం మాత్రం కాదు.

నాగప్ప తాతలు బీదర్ వైపు నుంచి సున్నం పని చేతబట్టుకుని వచ్చినవాళ్లు. గచ్చు చేయాలంటే ఆయనకు నెల రోజులు కావాలి. సున్నమూ ఇసుకా ఎద్దు తిప్పే రాతిచక్రం కింద నూరించి, బెల్లం నీళ్లూ కరక్కాయ నీళ్లూ పోసి మాగబెట్టి, ఆ తర్వాతే గోడకు ఎక్కించేవాడు. చివరికి గులకరాయితో రుద్ది నున్న చేసేవాడు. ఆయన నున్న చేసిన గోడ మీద బల్లి నిలబడలేక జారిపడేది. ఒక బల్లి మూడుసార్లు పడి, ఆ ఇల్లే విడిచి పక్కింటికి పోయింది. పక్కిల్లు మాదే.

డెబ్బైల నడుమ పర్మిట్ల మీద సిమెంటు దిగింది. నెల రోజులు ఆగే ఓపిక జనానికి పోయింది. నాగప్పను పిలిచేవాళ్లు తగ్గి తగ్గి, చివరికి లేకుండా పోయారు. 1981 వచ్చేనాటికి ఆయన తాపీ గోడకు వేలాడుతోంది, ఆయన తనకంటే పాతికేళ్లు చిన్నవాళ్లైన సిమెంటు మేస్త్రీల దగ్గర ఇసుక జల్లిస్తున్నాడు. బాధ ఎవరితోనూ చెప్పుకోలేదు. సిమెంటును మాత్రం తిట్టేవాడు. పొద్దున కలిపితే సాయంత్రానికి గట్టిపడే వస్తువుకు ఓర్పు ఉండదని, ఓర్పు లేనిది ఎండనూ వాననూ తట్టుకోదని ఆయన వాదం.

ఆ వాదానికి సాక్ష్యం మొగుడంపల్లి దగ్గర మహాదేవప్ప పటేల్ వాకిట్లో దొరికింది. మహాదేవప్ప అల్లం రైతు. అల్లం కడిగి, ఆరబోసి, శొంఠి చేసి అమ్మేవాడు. అందుకని మూడేళ్ల కింద ఇంటి ముందు పెద్ద సిమెంటు కళ్లం పోయించాడు. ఎండాకాలం ఆ కళ్లం ఎంతగా కాలిపోయేదంటే, దాని మీద కోడి గుడ్డు పెడితే ఉడికిన గుడ్డే వచ్చేది. మహాదేవప్ప ఇంటి కోళ్లు పొదగడం మానేశాయి. ఎండకు నెర్రెలు, వానకు నానుడు, మూడేళ్లకే పైపొర ఇసుకై లేచింది. కిందికి ఇంకిన నీళ్లు వారం రోజులైనా ఆరేవి కావు. పైన పోసిన శొంఠికి అడుగున బూజు. శొంఠిలో ఇసుక పలుకులున్నాయని వ్యాపారి బస్తాలు తిప్పి పంపేశాడు. ఇక కళ్లం పలగ్గొట్టించి షాబాదు బండలు పరిపించాలని మహాదేవప్ప నిర్ణయించి, బండలవాడికి కబురు కూడా పెట్టాడు.

ఈ సంగతి నాగప్ప చెవిన పడింది. అంతకు ముందు వానాకాలంలో ఆయన ఒక వింత చూసి ఉన్నాడు. నర్సప్ప నూనె మిల్లు ముందున్న సిమెంటు అరుగు మీద ఏళ్ల తరబడి అవిసె నూనె ఒలికి, ఎండి, తోలులా పట్టుకుంది. వాన పడితే ఆ అరుగు మీద చినుకులు చామాకు మీద పడ్డట్టు గుండ్లుగుండ్లుగా దొర్లిపోయేవి. నాగప్ప అక్కడ గంటసేపు నిలబడి చూశాడు. మిల్లువాళ్లు ఆయనకు తిక్క లేచిందనుకున్నారు.

మే నెలలో ఒకరోజు ఆయన నడుచుకుంటూ మహాదేవప్ప ఇంటికి పోయాడు.

“పలగ్గొట్టకు పటేలా. నూనె పట్టిస్త.”

“కళ్లానికా, నీ తలకా?”

“కళ్లానికే. నా తలకు పట్టిస్తే మా ఇంటిది గడప తొక్కనియ్యదు. గంత కంపు.”

మహాదేవప్ప నవ్వలేదు. ఒక షరతు పెట్టాడు. మొదటి వాన పడి వెలిశాక కళ్లం నల్లబడి ఉంటే నీళ్లు తాగినట్టే లెక్క. మరుసటి రోజే బండలు దిగుతాయి. నాగప్ప తానుగా ఇంకో షరతు కలిపాడు. కళ్లం నీళ్లు తాగితే తన తాపీ, గులకరాళ్లు పాత ఇనుము బండికి వేసి, చక్కెర ఫ్యాక్టరీలో చెరకు మోయడానికి పోతానన్నాడు. ఆయన ఊరికే అనే మనిషి కాదు. అప్పటికే ఫ్యాక్టరీ కూలీల పెద్ద ముకద్దంతో మాట్లాడి వచ్చాడని నాకు తర్వాత తెలిసింది.

పని మొదలైంది. కొబ్బరి పీచుతో కళ్లమంతా రుద్ది, ఇసుక ఊడ్చి, నెర్రెల్లో గట్టి సిమెంటు కూరి తడిపాడు. కూరినది ముదిరాక అయిదు రోజులు ఎండబెట్టాడు. ఆ అయిదు రోజుల కోసం మహాదేవప్ప తల్లి గిరిజమ్మ వాకిట్లో ఊరికే కూర్చునే మనిషి కాదు కనుక, ఆమెను బతిమాలి మనుమరాలి దగ్గరికి కోహీర్ పంపించారు, అల్లం కడగడం కూడా ఆపించారు. ఆరో రోజు, కళ్లం పెనంలా కాలుతున్న మిట్టమధ్యాహ్నం, నాగప్ప అవిసె నూనె వెచ్చచేసి, కొంచెం కిరసనాయిలు కలిపి, గుడ్డతో పట్టించాడు. వేడెక్కిన కళ్లం నూనెను చప్పరించినట్టు తాగింది. మీద మిగిలింది గుడ్డతో తుడిచేశాడు. అది ఆరడానికి మూడు రోజులు కావాలని, ఆ మూడు రోజులు చుక్క నీళ్లు తగలకూడదని ఇంట్లో అందరికీ చెప్పి పోయాడు.

గిరిజమ్మ ఆ సాయంత్రమే కోహీర్ నుంచి తిరిగొచ్చింది. తెల్లవారితే శుక్రవారం. డెబ్బై ఏళ్లుగా ఆ ఇంటి ముందు అలుకు చల్లకుండా పొద్దు పొడవలేదు. ఆమె లేచి పేడ నీళ్లు కలిపి, ఇంటి ముందు మొదలుపెట్టి కళ్లం చివరిదాకా తృప్తిగా అలికి, ముగ్గు కూడా వేసింది.

నాగప్ప వచ్చి చూసేసరికి పచ్చి నూనెలో పేడ కలిసి, జిగురు జిగురుగా, ఒక చెప్పు అతుక్కుపోయి ఉంది. ఆ చెప్పు మహాదేవప్పది. మహాదేవప్ప ఒంటి చెప్పుతో అరుగు మీద నిలబడి, నీళ్లు ఎవరు పోశారని ఇంట్లో ఒక్కొక్కరినీ అడుగుతున్నాడు. అందరూ లేదంటున్నారు. గిరిజమ్మ కూడా లేదంది. ఆమె అబద్ధం ఆడలేదు. అలుకు అలుకే, దాన్ని నీళ్లని ఆమె ఎన్నడూ అనుకోలేదు.

మహాదేవప్ప బండలవాడి దగ్గరికి జీతగాడు మాణిక్‌ను పంపబోయాడు.

“తప్పు నాది పటేలా,” అన్నాడు నాగప్ప. “నీళ్లు పోయకున్రి అన్న. అలుకు వద్దని చెప్పలె. అవ్వకు ఎట్ల తెలుస్తది?”

గిరిజమ్మ లేచింది.

“ఏంరా నాగప్ప, నీ నూనె కోసం నేను మురికి వాకిట్ల పొయ్యి ముట్టియ్యాల్నా? పంట పోసే జాగ అలకకపోతే లక్ష్మి వస్తదా?”

“రాదవ్వా.”

“మరి?”

ఈ ‘మరి’కి జవాబు చెప్పడానికి నాగప్పకు పూట పట్టింది. ఆ పూటంతా ఆయన కళ్లం చుట్టూ తిరిగాడు. సాయంత్రం గడప ముందు, కళ్లానికి ఈ అంచున, జానెడున్నర వెడల్పు సిమెంటు పట్టీని ఉలితో కొట్టి తీసేశాడు. అందులో ఎర్రమట్టి పోసి దిమ్మిస కొట్టాడు.

“అవ్వా, గిది నీది. దినాం అలుకు, ముగ్గెయ్యి, నేను అడ్డం రాను. గా అవతలిది నాది. లక్ష్మి నీ జాగల కెల్లే ఇంట్లకు వస్తది గద.”

గిరిజమ్మ ఆ పట్టీ మీద ఆ చివర నుంచి ఈ చివరకు ఒకసారి నడిచి చూసింది. ఇంకో జానెడు కావాలంది. నాగప్ప ఇంకో జానెడు తీశాడు. కళ్లం కొంచెం చిన్నదైంది, మహాదేవప్ప ముఖం ఇంకా చిన్నదైంది, కానీ తల్లి మాట మీద మాట్లాడే ధైర్యం ఆయనకు లేదు.

అసలు కష్టం అప్పుడు మొదలైంది. బూడిద మరిగించిన నీళ్లతో రుద్దితే గానీ ఆ జిగురు ఊడలేదు. మళ్లీ మంచినీళ్లతో కడిగి, మళ్లీ అయిదు రోజులు ఎండబెట్టాలి. నాలుగో రోజుకే కర్ణాటక వైపు మబ్బు లేచింది. నాగప్ప ఆగలేదు. నాలుగో రోజు మధ్యాహ్నం ఒక పట్టు నూనె పట్టించాడు. మబ్బు కురవకుండా నాలుగు రోజులు ఆకాశంలోనే తిరిగింది, ఆ నాలుగు రోజులూ ఆయన అన్నం తిన్నట్టు నేను చూడలేదు. నూనె ఆరాక రెండో పట్టుకు దిగాడు. గేటు దగ్గరికి వచ్చేసరికి టిన్ను ఖాళీ అయింది. చేటంత జాగా మిగిలిపోయింది. నూనె కోసం మనిషి జహీరాబాద్ పోయి వచ్చేసరికి పొద్దు వాలి కళ్లం చల్లారింది, మర్నాటి నుంచి ఎండ సరిగ్గా కాయక ఆ జాగా ఒక్క పట్టుతోనే ఉండిపోయింది.

మూడు రోజులు గడిచాక, రోహిణి చివర్లో వాన దంచింది. మామూలు వాన కాదు. మొగుడంపల్లిలో గేదెలు ఈదుకుంటూ కొట్టంలోకి పోయాయి. మహాదేవప్ప, గిరిజమ్మ, నాగప్ప, ఇంకో పది మంది అరుగు మీద వరుసగా నిలబడి కళ్లం వైపే చూశారు. చినుకులు కళ్లం మీద గుండ్లై ఎగిరి, ఒకదాన్నొకటి తోసుకుంటూ మోరీలోకి దొర్లిపోయాయి. వాన వెలిసి గంట తిరగకముందే కళ్లం తెల్లగా ఆరింది. గేటు దగ్గర మాత్రం చేటంత నల్ల మచ్చ.

మహాదేవప్ప గొడుగు కర్రతో ఆ మచ్చను పొడిచాడు.

“నల్లబడ్డది గద నాగప్ప. మాట మాటే.”

నాగప్ప కూర్చుని మచ్చ మీద అరచేయి పెట్టాడు, తర్వాత పక్కనున్న తెల్ల చోటులో పెట్టాడు. లేచి నిలబడ్డాడు.

“గీడ ఒక్క పట్టే పడ్డది పటేలా. గాడ రెండు. ఒక్క పట్టు ఎట్లుంటదో, రెండు పట్లు ఎట్లుంటయో నీకు ఒక్క తాననే సూపించిన. నీ బండలోడికి గింత చేతనైతదా?”

గిరిజమ్మ తన మట్టి పట్టీ మీద నిలబడి ఉంది, వానకు అది బురదైంది.

“మాణిక్‌ను పంపియ్యి,” అంది కొడుకుతో. “బండలు వద్దని చెప్పుమను. బండలేస్తే మల్ల జానెడు జాగ తవ్విపిచ్చుకునే ఓపిక నాకు లేదు.”

మాణిక్ అప్పుడే సైకిల్ ఎక్కాడు.

ఆ నెలలోనే రాయికోడ్ నుంచి కంది రైతులు ఇద్దరు కళ్లం చూడటానికి వచ్చారు. మహాదేవప్ప వాళ్ల ముందు చెంబెడు నీళ్లు తానే కళ్లం మీద పోసి చూపించాడు, నూనె పట్టించాలన్న ఆలోచన తనదే అన్నట్టు. నాగప్ప ఆ మాట కాదనలేదు. మర్నాడు గోడ మీది తాపీని సంచిలో వేసుకుని, రెండు టిన్నుల నూనెతో రాయికోడ్ బస్సు దగ్గరికి పోయాడు. కంపు భరించలేక కండక్టర్ టిన్నులను బస్సు పైకి ఎక్కించాడు. గతుకుల్లో ఒక టిన్ను ఒరిగి, సగం నూనె బస్సు కప్పు మీద పారింది. ఆ తర్వాత ఏడేళ్లు ఆ బస్సు ఏ వానకూ కారలేదని డ్రైవర్ చెప్పేవాడు. నేనైతే ఆ బస్సులో వానాకాలం ఎన్నడూ పోలేదు. నాగప్పను అడిగితే మాత్రం, కప్పుకు ఒక్క పట్టే పడిందని, రెండోది బాకీ ఉందని అనేవాడు.