బతుకమ్మ లోపల, సాయన్న మామ బయట

మస్కట్‌లో మా చిన్నతనంలో శుక్రవారం పొద్దున తలుపు తీస్తే... తోటకూర కట్టలు, సొరకాయలు ముందు పెట్టుకుని సాయన్న మామ నవ్వుతూ నిలబడేవాడు.

"చెల్లె, ఛాయ్ వెట్టు" అనేవాడు అమ్మతో. హమ్రియాలో మాది రెండు గదుల ఇల్లు. కుర్చీ వేసినా కూర్చోడు, తలుపు పక్కనే కింద కూర్చునేవాడు.

సొంత మామ కాదు. మస్కట్‌కి దూరంగా బర్కాలో ఖర్జూర తోటలో పని. ఊరు నిజామాబాద్ వైపు, అమ్మ పుట్టింటికి దగ్గర... ఆ చుట్టరికంతోనే అమ్మకు అన్న అయ్యాడు, నాన్నను బావా అని పిలిచేవాడు. భార్యా ఇద్దరు ఆడపిల్లలూ ఊళ్లోనే. యజమాని సెలవిస్తేనే వాళ్లను చూసేది... ఆ సెలవు ఎన్నడూ బతుకమ్మకు దొరకలేదు.

తొంభైల మొదట్లో, నాకు తొమ్మిదేళ్లప్పుడు, అక్కడి తెలుగువాళ్లు కమిటీ వేసి హాల్లో దసరా చేద్దామన్నారు. నాన్న ఓ కంపెనీలో స్టోర్ కీపర్. ఆఫీసర్లు తనను కమిటీలో చేర్చుకున్నందుకు పొంగిపోయాడు. అమ్మ బతుకమ్మ పెడతానంటే, ఈ ఎడారిలో పూలెక్కడివని అందరూ నవ్వారు.

సాయన్న మామ నవ్వలేదు. ఊరి నుంచి వచ్చే మనిషి చేత బంతి విత్తనాలు తెప్పించి తోట గట్టున చల్లాడు. ఎండకి సగం మాడిపోయాయి... మిగిలిన వాటికి డ్యూటీ అయ్యాక బకెట్లతో నీళ్లు మోశాడు. తంగేడు లేదు, గునుగు లేదు. గడ్డిపూలు కోసి రంగుల్లో ముంచాడు.

పండుగనాడు మా వంటింట్లో తాంబాళంలో గుమ్మడాకులు పరిచి, నా నడుమెత్తు బతుకమ్మ పేర్చాడు. స్నానం చేసి ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు.

"ఐదేండ్లాయె చెల్లె, ఆట చూడక. ఇయ్యాల కండ్లార చూస్త."

హాలు తలుపు మీద కాగితం... ఫ్యామిలీస్ ఓన్లీ. పక్కనే బ్యాడ్జి పెట్టుకుని నాన్న. కమిటీ సెక్రటరీ మామను కింది నుంచి పైదాకా చూసి నాన్నతో అన్నాడు, "బ్యాచిలర్స్‌కి, అదే ఇక్కడ ఫ్యామిలీ లేనివాళ్లకి, లేదనుకున్నాం కదండీ. ఒకణ్ణి రానిస్తే రేపు లేబర్ క్యాంపంతా దిగుతుంది."

నాన్న నేల చూస్తూ, "రూల్ అందరికి ఒక్కటే సాయన్నా... నేనేం జేయాలె" అన్నాడు.

"ఇద్దరు బిడ్డల తండ్రిని బావా... నేను బ్యాచిలర్నా?"

నాన్న బ్యాడ్జి సర్దుకున్నాడు. మామే తాంబాళం అమ్మ చేతుల్లో పెట్టాడు. "తీస్కపో చెల్లె. పూలు వాడిపోతయ్."

అమ్మ తీసుకెళ్లింది. నేనూ వెళ్లాను. ఏసీ చల్లదనం పోతుందని తలుపులు మూసేశారు... బయటికి పాట కూడా వినబడి ఉండదు. మేం చప్పట్లు కొడుతూ ఆడాం. తిరిగొచ్చేసరికి మామ లేడు. తర్వాతి శుక్రవారం రాలేదు. ఇక ఎప్పుడూ రాలేదు. నాన్న బజారు నుంచి సొరకాయలు తెచ్చాడు.

పోయిన వారం ఒక ఫేస్‌బుక్ గ్రూపులో మస్కట్ తెలుగువాళ్ల చరిత్ర అంటూ ఆ బతుకమ్మ ఫోటో పెట్టారు. కమిటీ సభ్యుల కృషి అట... నాన్న పేరుంది, సెక్రటరీ పేరుంది, భోజనాలు తెప్పించిన ఆయన పేరు కూడా ఉంది. నాకు ఒళ్లు మండిపోయింది. పూలు పెంచిందీ పేర్చిందీ సాయన్న అని కింద రాశాను. తీసేశారు. మళ్లీ రాశాను. మళ్లీ తీసేసి, "పాత సంగతులెందుకమ్మా, మీ నాన్నగారి పరువు చూసుకో" అని మెసేజ్ పెట్టారు.

పరువా? మా నాన్న చేసింది తప్పు. లోపలికెళ్లి ఆడిన మా అమ్మదీ తప్పే. ఇందులో దాచుకోవడానికి ఏముంది... సిగ్గుండాలి మాకు.

ఇప్పుడు అక్కడి బతుకమ్మకు పూలు విమానంలో దిగుతున్నాయట. మంచిదే. కానీ ఆ చరిత్రలో ఒక్క కూలీ పేరు లేదు. అందుకే ఇక్కడ, నా గోడ మీద రాస్తున్నాను. బర్కా తోటలో పనిచేసిన సాయన్న, ఇద్దరు ఆడపిల్లల తండ్రి... ఎవరికైనా తెలిస్తే చెప్పండి. గల్ఫ్‌లో మీ పండుగలకు చాకిరీ చేసి గుమ్మం బయట ఆగిపోయిన వాళ్ల పేర్లు కింద రాయండి, ఇంటిపేర్లతో సహా.

మామ ఇంటిపేరు నేను రాయలేను. నిన్న అమ్మకు ఫోన్ చేసి అడిగాను. "అన్నా అన్నా అని పిలుసుడే గని... ఎన్నడు అడగలేదు బిడ్డా" అంది.