పొత్రం కట్టిన ఆవు

ఆ రోజుల్లో నాకు అక్షరం రాదు కాబట్టి, జరిగిన సంగతులు కడుపులో దాచుకోవడమే తప్ప రాసుకునే వీల్లేదు. మనవరాలి పక్కన కూర్చుని అఆలు దిద్దేనాటికి సగం జుట్టు నెరిసింది. మొన్న దాని సైన్సు పుస్తకంలో గర్భసంచి బొమ్మ కనబడగానే, నలభై ఏళ్ల కిందటి భయం మళ్లీ నడుముకి చుట్టుకుంది. (బొమ్మలో అది ఎంత శుభ్రంగా, బుద్ధిగా ఉందో.)

అప్పుడు నాకు ఏడో నెల, తొలి చూలు. మా కొండమీద ఆవు పాలు పిండేవాళ్లం కాదు, అవి దూడకే. ఆవు ఈనితేనే రేపు దుక్కికి ఎద్దులు. మాకున్నది ఒకే ఆవు. ఆ రోజు పొద్దున ఈనింది కానీ, మధ్యాహ్నం దాటినా, దూడ వెనకే రావాల్సిన మాయ పడక తోక కింద వేలాడుతోంది. అలాంటప్పుడు మావాళ్లు దానికి చిన్న రాయి కట్టి వదిలేస్తారు, ఆ బరువుకి అదే జారుతుందని. అత్త కాఫీ తోటకి వెళ్తూ, పిడికెడు రాయి కట్టమని చెప్పింది. పిడికెడు రాయికే పడేది పెద్ద రాయికి ఇంకా తొందరగా పడదా అని (అప్పట్లో నా తెలివి నాకే ముద్దొచ్చేది) మసాలా నూరే పొత్రాన్ని కట్టాను. అదీ చాలక రెండుసార్లు కిందకి లాగాను. మాయ వచ్చింది. దాని వెనకే ఎర్రగా, గోనెసంచంత ముద్ద ఒకటి, ఒళ్లంతా బొడిపెలతో జారి ఆవు మోకాళ్లదాకా వేలాడింది. ఆవు మూలిగి కూలబడింది.

నా కేకలకి అత్త తోటలోంచి పరిగెత్తుకొచ్చింది. "ఏటి సేసినావే గుంటా?" అని ఒక్క మాట అని, కింది ఊళ్లో టీకాలు వేస్తున్న పశువుల కాంపౌండరు కోసం దిగిపోయింది. వాళ్లొచ్చేదాకా ఒక చేత్తో ఈగలు తోలుతూ, రెండో చేత్తో నా పొత్తికడుపు పట్టుకుని కూర్చున్నాను. ఆవు కళ్లు తేలేస్తోంది. అది చస్తే చంపింది నేనే.

కాంపౌండరు వస్తూనే పంచదార అడిగాడు. (నేను టీకి నీళ్లు పెట్టాను.) పండక్కి దాచిన పంచదారంతా, కడిగిన ఆ ముద్దమీద చల్లేశాడు, వాపు తగ్గి కుదించుకుంటుందట. అది గర్భసంచి అనీ, చొక్కా చెయ్యి తిరగబడినట్టు బయటికొచ్చిందనీ, ఆ బొడిపెల దగ్గరే మాయ అతుక్కుని దూడకి తిండి అందించిందనీ చెప్పాడు.

"అయి బొత్తాల్లాటియమ్మా. ఇప్పకుండా లాగితే సొక్కా కూడా వచ్చేత్తాది."

అతను పిడికిలితో మెల్లగా లోపలికి నెడుతున్నంతసేపూ నేను ఆవు తోక పక్కకి పట్టుకున్నాను. ఎట్టకేలకు లోపలికి వెళ్లింది. నాలుగు కుట్లు వేసి, తెల్లారేసరికి లేచి నిలబడితే బతికినట్టేనన్నాడు. మనుషులకీ ఇది ఉంటుందా అని అడిగాను. ఉంటుందట. ఆవు సంచికి రెండు కొమ్ములుంటాయి, మనకి కొమ్ముల్లేవు, అంతే తేడా అన్నాడు.

ఆ సాయంత్రం నడుముకి పాత చీర మూడు చుట్లు బిగించుకుని అత్త పక్కన చేరాను.

"అత్తా, నేను కన్నాక నాకూ రాయి కడతారేటి?"

అత్త దూడని తుడుస్తూ, నావైపు చూడకుండానే అంది. "నువ్వు కట్టుకోపోతే ఇంకెవులూ కట్టరు."

మర్నాడు పొద్దున చూస్తే ఆవు నిలబడి దూడని నాకుతోంది. నాకు మాత్రం ఎవరి మాటమీదా నమ్మకం కుదరలేదు. పొత్రాన్ని కొంగులో చుట్టి, పొట్టమీద ఆనించుకుని, ఆయాసపడుతూ గెడ్డ వాగుదాకా దిగాను. (కడుపుతో ఉన్న ఆనాటి ఆ పిల్ల ఇప్పుడు దారిలో ఎదురైతే ఆ బరువు నేనందుకుందును.) లోతైన చోటు చూసి పడేశాను. మళ్లీ తేలుతుందేమోనని కాసేపు అక్కడే నిలబడ్డాను.