బానెట్ కడ్డీకి కట్టిన దారాలు

2022 వానాకాలం. విజయవాడ ఆటోనగర్‌లో మా బాబాయి షెడ్డు. షెడ్డంటే పెద్దదేం కాదు, రెండు కార్లు పట్టే రేకుల కప్పు, ముందు ఒక కౌంటర్. బాబాయి ఇంజన్లు చూస్తాడు, నేను కౌంటర్లో కూర్చుని ఆయిల్ అమ్ముతాను. ఇంటర్ మధ్యలో ఆపేసి వచ్చి కూర్చున్నదాన్ని, ఇప్పటికి ఎన్ని డబ్బాల మూతలు తిప్పానో లెక్కే లేదు. చదువు తక్కువే కానీ డబ్బా మీద ఉన్న గ్రేడు చూస్తే ఏ కారుకి పడుతుందో, ఏ కారుకి పడదో నిద్రలో లేపినా చెప్తాను. అలాంటిదాన్ని ఆ ఏడు ఒక కారు విషయంలో తప్పు చేశాను. ఆ తప్పు ఎలా బయటపడిందో తలుచుకుంటే ఇప్పటికీ నా చేతుల మీద వెంట్రుకలు లేస్తాయి.

ముందు ఆయిల్ సంగతి కాస్త చెప్పాలి. మినరల్ అంటే పాత రకం, ముడిచమురుని శుద్ధి చేసి తీసేది. చిక్కగా ఉంటుంది, ఐదు వేల కిలోమీటర్లకి మార్చెయ్యాలి. సింథటిక్ అంటే ఫ్యాక్టరీలో పద్ధతిగా తయారుచేసేది. పల్చగా ఉంటుంది, తెల్లవారుజామున చల్లటి ఇంజన్లో కూడా చటుక్కున పైకెక్కుతుంది, వేడికి తట్టుకుంటుంది, రెట్టింపు దూరం పోతుంది. రేటు కూడా అలాగే ఉంటుంది. దాంతో జనం ఖరీదైనదే మంచిదనుకుంటారు. ఆ రోజుల్లో నేనూ అలాగే చెప్పేదాన్ని.

జూలైలో ఒక మధ్యాహ్నం ముసురు పట్టి ఉంది. ఒక తెల్ల కారు వచ్చి ఆగింది. ఆటోనగర్‌లో అలాంటివి రోజుకి పది చూస్తాం. కొత్త సీటు కవర్లు, కొత్త స్టిక్కర్లు, తళతళలాడుతోంది. దిగినాయన పేరు దుర్గారావు, ఉయ్యూరు. రైస్ మిల్లులో పని. వెనక సీట్లో వాళ్ళమ్మ, మోచేతికి బ్యాండేజీ.

"చెల్లెమ్మా, సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను, పది రోజులైంది. ఉన్నవాటిల్లో మంచి ఆయిల్ పొయ్యండి. అమ్మకి కిడ్నీలు పాడైనయ్యి. వారానికి మూడు సార్లు డయాలసిస్‌కి ఇక్కడికే తీసుకురావాలి. ఆటోల్లో, బస్సుల్లో తిప్పలేకే ఇది కొన్నా. దారిలో ఆగకూడదు, అంతే."

"ఎంత తిరిగిందండీ?"

"నలభై ఒక వెయ్యి."

మీటర్ చూశాను, నిజమే. నలభై ఒక వెయ్యంటే ఇంజన్ ఇంకా పడుచుదే. ఫుల్ సింథటిక్ తీసి కౌంటర్ మీద పెట్టాను. ఆ రోజు బాబాయి ఊళ్ళో లేడు, పెళ్ళికి వెళ్ళాడు. పక్క షెడ్డు మెకానిక్ వచ్చి పాత ఆయిల్ దింపి కొత్తది పోశాడు.

మళ్ళీ ఎన్ని కిలోమీటర్లకి ఆయిల్ మార్చాలో రాసిన స్టిక్కర్ అంటిద్దామని నేను డ్రైవర్ వైపు తలుపు తీశాను. గుప్పున గంజి వాసన. కొత్త చీరకి పెట్టే గంజి. కారులో ఒక్క చీర కూడా లేదు, ఆవిడ కట్టుకున్నది పాత నైలెక్సు. ఆ వాసన నాకు బాగా తెలిసినదే, ఎక్కడిదో మాత్రం గుర్తుకు రాలేదు. తలుపు పట్టుకుని మళ్ళీ ఒకసారి పీల్చి చూశాను.

వెనక నుంచి ఆవిడ నన్నే చూస్తోంది. "నీక్కూడా తెలిసిందా అమ్మాయ్?"

"ఏంటి పిన్నిగారూ?"

"పొద్దున్నే కారు తీసేటప్పుడు ముందర ఎవరో దగ్గుతారు. పెద్దాయన ఎవరో గొంతు సవరించుకున్నట్టు. రెండు సార్లు దగ్గి ఊరుకుంటాడు."

దుర్గారావు మొహం చిట్లించుకున్నాడు. "మొదలెట్టావా? మంచాన పడ్డప్పట్నుంచీ ఇంతే చెల్లెమ్మా, గోడ మీద బల్లి కూడా ఈవిడకి కబుర్లు చెప్తుంది."

"బల్లి నీకంటే నయంరా, చెప్తే వింటుంది," అందావిడ.

నవ్వేసి పంపించేశాను. ఆ నవ్వు తర్వాత నన్ను చాలా రోజులు బాధపెట్టింది.

పది రోజులు తిరక్కుండానే మళ్ళీ వచ్చారు. దుర్గారావు మొహంలో నెత్తురు లేదు. ఇంటి ముందు కారు పెట్టినచోటల్లా ఆయిల్ మరకట. ఆ పొద్దున డయాలసిస్‌కి వస్తుంటే, కంకిపాడు దాటాక ఆయిల్ లైటు ఎర్రగా వెలిగి ఆరిందట. ఆ లైటు వెలిగిందంటే ఇంజన్ పైభాగానికి ఆయిల్ అందట్లేదని అర్థం. అలాగే తోలితే ఇంజన్ పట్టేస్తుంది, రోడ్డు మధ్యలో. లోపల ఆవిడ ఉంటుంది. డయాలసిస్ ఒక్కటి తప్పినా ఆవిడ ప్రాణానికే ప్రమాదం.

"దగ్గు కూడా ఎక్కువైందమ్మాయ్," అందావిడ నీరసంగా. "ఇదివరకు పొద్దున్నే దగ్గేవాడు. ఇప్పుడు దారంతా దగ్గుతున్నాడు."

ఈసారి దుర్గారావు మొహం చిట్లించుకోలేదు.

బాబాయి ఇంజన్ స్టార్ట్ చేయించి చెవి ఒగ్గాడు. ఖళ్... ఖళ్... ఖళ్... ఆపమన్నాడు. "పిన్నిగారు చెప్పింది అబద్ధం కాదే. ఆయిలందక పైన వాల్వుల దగ్గర టాపెట్లు కొట్టుకుంటున్నయ్యి. ఇది నలభై వేలు తిరిగిన ఇంజన్ దగ్గు కాదు, ముసలి దగ్గు." బానెట్ ఎత్తి, కడ్డీ నిలబెట్టి, నన్ను పిలిచాడు. "ఇదేంటో చూడు. దిష్టి దారాలా?"

బానెట్ కడ్డీ మొదట్లో దారాలు. రంగురంగుల నూలు పోగులు, ఒకదాని పక్కన ఒకటి, గట్టిగా ముడులేసి. మసి పట్టిపోయాయి. వేలితో తుడిస్తే కింద రంగు కనపడింది, పసుపు, నీలం, ఆకుపచ్చ.

గంజి వాసన ఎవరిదో అప్పుడు గుర్తొచ్చింది.

పామర్రు నుంచి ఒక తాతగారు వచ్చేవారు. చేనేత చీరల వ్యాపారం. కారు నిండా చీరల మూటలు, కారంతా గంజి వాసన. పొడుగ్గా, సన్నగా, మాట్లాడే ముందు రెండు సార్లు దగ్గేవారు. ఎన్ని సార్లు సింథటిక్ అంటగడదామని చూశానో!

"ఖళ్ ఖళ్... నాకు పాతదే పొయ్యమ్మా. పోగు సన్నమైనంత మాత్రాన బట్ట మంచిదైపోదు. ఏ మగ్గానికి ఏ నూలు అని ఉంటుంది."

ఐదు వేలు తిరగ్గానే ఠంచనుగా వచ్చేవారు. ఆయిల్ మార్చగానే నా కత్తెర అడిగి, జేబులోంచి నూలు తీసి, ఒక పోగు కోసి బానెట్ కడ్డీకి కట్టేవారు. "మీ స్టిక్కర్ ఊడిపోద్దమ్మా. ముడి ఊడదు," అనేవారు. ఆఖరిసారి కట్టింది ఆకుపచ్చ పోగు, కోసిచ్చింది నేనే. ఆ తర్వాత రాలేదు. పెద్దవారు కదా, తిరగడం మానేశారేమో అనుకున్నాను.

లెక్కపెట్టాను. ఒక్కో ముడీ తాకుతూ, పైకే. ఆకుపచ్చతో ఇరవై మూడు. ఒక్కోటి ఐదు వేలు. లక్షా పదిహేను వేలు.

దుర్గారావు కారు పట్టుకుని నిలబడిపోయాడు. "మరి మీటరు నలభై ఒకటి చూపిస్తోందిగా?"

"వెనక్కి తిప్పుంటారు," అన్నాడు బాబాయి. "మీటరు తిప్పేవాళ్ళు దొరుకుతారు. ముడులు విప్పాలని ఎవడికి తోస్తుంది?"

నా కళ్ళు కడ్డీ మీదే ఉన్నాయి. ఆకుపచ్చ తర్వాత ఇంకో పోగుంది. ఎర్రది, మిగతావాటంత మసి పట్టలేదు. ముడి కూడా వేరేలా ఉంది. ఇరవై నాలుగోది. అది ఆయన నా దగ్గర కట్టింది కాదు.

నా ఫోన్లో ఆయన నంబరు 'చీరల తాతగారు' అని ఉంది. నొక్కాను. చాలాసేపు మోగింది. ఎత్తారు, మాట లేదు. లోపలెక్కడో టక్ టక్, టక్ టక్ అని చప్పుడు. కారు ఇంజనూ అదే వరసలో కొట్టుకుంది ఇందాక. ఫోన్ పడేద్దామనిపించింది.

"ఎవరూ?" ఆడగొంతు, పెద్దావిడ. ఆ చప్పుడు మగ్గానిది.

"మామ్మగారూ, ఆటోనగర్ నుంచండి. కారు ఆయిల్ అమ్మాయిని. తాతగారు ఉన్నారాండి?"

"కత్తెర అమ్మాయివా? ఆయన పోయి ఏడాది దాటిందమ్మా."

కారు సంగతి అడిగాను.

"అమ్మేశామమ్మా. అప్పటికే లేవలేకపోతున్నారు. అయినా, కొనేవాళ్ళకి మురికి ఆయిల్‌తో ఇవ్వొద్దు, మార్పించి ఇవ్వండి అని ఒకటే గోల. ఇక్కడే మార్పించాం. పోగు నన్ను కట్టి రమ్మన్నారు. మగ్గం మీదున్న ఎర్రది తెంపుకెళ్ళి కట్టా. ఎందుకండీ, అమ్మేసే కారుకి అంటే, ఎవరో ఒకరు లెక్కపెడతారులే అన్నారు."

"ఎంత తిరిగిందో గుర్తుందాండి?"

"లక్షా ఇరవై చిల్లర. కొన్నాయనకి కాగితం మీద రాసి మరీ ఇచ్చాం. ఏమ్మా, కారు బాగుందా?"

స్పీకర్లో అందరం విన్నాం. బాగుందండి అని అబద్ధం చెప్పి పెట్టేశాను.

బాబాయి ఇంజన్ కింద ఆయిల్ చాంబర్ విప్పాడు. ఆయిల్‌ని పైకి పీల్చే జాలీకి కాటుక ముద్దలా మడ్డి పట్టి ఉంది. అన్నేళ్ళు మినరల్ మీద నడిచిన ఇంజన్లో మడ్డి గోడలకి అతుక్కుని ఉంటుంది. అరిగిన రబ్బరు సీళ్ళ సందులు కూడా దాంతోనే పూడి ఉంటాయి. నేను పోయించిన సింథటిక్ ఆ మడ్డిని కడిగేసింది. కడిగింది వెళ్ళి జాలీకి అడ్డుపడింది, సందుల్లోంచి ఆయిల్ కారింది. సింథటిక్‌ది తప్పు కాదు. అది చెయ్యాల్సిన పనే చేసింది. నేను మీటర్ని అడిగి ఊరుకున్నాను, మనిషి చెప్తుంటే నవ్వాను.

"తప్పు నాదండీ," అన్నాను దుర్గారావుతో.

"నాకు అమ్మినోడిది," అన్నాడాయన. అక్కడి నుంచే వాడికి ఫోన్ చేశాడు. స్విచ్చాఫ్. తర్వాత కూడా అది ఎప్పుడూ మోగలేదు.

రెండు రోజులు పట్టింది. జాలీ కడిగి, సీళ్ళు మార్చి, చిక్కటి మినరల్ పోశాం. ఈలోపు ఆవిణ్ణి డయాలసిస్‌కి బాబాయే తన బండిలో తిప్పాడు. మూడో రోజు స్టార్ట్ చేస్తే లైటు వెలిగి, వెంటనే ఆరిపోయింది. మళ్ళీ వెలగలేదు.

"ఈ కారుని నమ్మొచ్చా?" అడిగాడు దుర్గారావు.

"మూడు వేలకోసారి తీసుకొస్తే నమ్మొచ్చు," అన్నాడు బాబాయి.

ఆవిడ నా కత్తెర అడిగింది. కొంగు చివర వేలాడుతున్న పోగు ఒకటి తెంపి, కొడుకు చేత కడ్డీకి కట్టించింది.

అప్పట్నుంచీ నేను కిలోమీటర్లు అడిగి ఊరుకోను. బానెట్ ఎత్తిస్తాను, పాత ఆయిల్ వేళ్ళ మధ్య రాసి చూస్తాను. పొద్దున్నే స్టార్ట్ చేస్తే ఏం వినపడుతుందని అడుగుతాను, డ్రైవర్ని కాదు, వెనక కూర్చునేవాళ్ళని. కొందరు నవ్వుతారు. నవ్వనీ.

ఆ కారు ఇప్పటికీ వస్తుంది. సీటు కవర్లు మళ్ళీ మార్చారు, అయినా తలుపు తీస్తే గంజి వాసన. ఎక్కడిదో బాబాయికీ తెలీదు. మొన్న వచ్చినప్పుడు ఆవిణ్ణి అడిగాను, "దగ్గు తగ్గిందా పిన్నిగారూ?"

"ఎప్పుడో తగ్గింది. చెప్పాల్సింది చెప్పేశాడుగా," అందావిడ. ముందు సీటు ఖాళీగానే ఉంది, అయినా అటు చూసి గొంతు తగ్గించింది. "ఇప్పుడు ఊరికే కూర్చుంటాడు."