రెండేసి దెబ్బలు

సరిహద్దు పోస్ట్‌కి చేరింది మధ్యాహ్నం పన్నెండూ పదికి. కింది క్యాంపు నుంచి ఆరున్నర గంటల నడక. నలుగురం ఒకే తాడుకు కట్టుకుని వచ్చాం. నా వీపు మీద పద్దెనిమిది కిలోలు, అందులో మూడో వంతు రేడియో సెట్టూ దాని బ్యాటరీలూ. ఎత్తు పద్దెనిమిది వేల అడుగుల పైమాటే. చలి ఆ వేళకి సున్నాకి కింద ఇరవై రెండు. మీసం మీద ఊపిరి గడ్డకట్టి, నోరు తెరిస్తే వెంట్రుకలు పీకినట్టు లాగింది.

తాడు విప్పుకుని తలెత్తి చూశాను. మూడు వైపులా శిఖరాలు, మధ్యలో మంచు నది. చెట్టు లేదు, పక్షి లేదు, చప్పుడు లేదు. నేను బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో పుట్టి పెరిగినవాణ్ణి. షంటింగ్ ఇంజన్ల కూతల మధ్యే నిద్రపోయాను, పరీక్షలకి చదివాను. అంత నిశ్శబ్దం లోకంలో ఉంటుందని నాకు తెలియదు. నా గుండె కొట్టుకోవడం నా చెవులతో విన్నాను. ఈ చోటు దేవుడు తనకోసం ఉంచుకున్నాడేమో, మేం అడక్కుండా లోపలికి వచ్చేశామేమో అనిపించింది. భయం వేసింది. రావలసిన చోటికే వచ్చానని అంతకంటే ఎక్కువ సంతోషం వేసింది.

"చూడటం అయిందా? అయితే చాయ్ తాగు. ఇక్కడ నోరు తెరుచుకుని నిలబడితే పళ్ళు కూడా గడ్డకడతాయి," అన్నాడు పోస్ట్ కమాండర్. ఆయన గఢ్వాల్ కొండల సుబేదార్. అక్కడ అందరం హిందీలోనే మాట్లాడుకునేవాళ్ళం. వాళ్ళ మాటలు తెలుగులో రాస్తున్నాను.

ఆ ఎత్తుకి నేను దారి తప్పి రాలేదు. ఎనభైల మధ్యలో లోకో షెడ్‌లో ఖలాసీ ఉద్యోగానికి కాల్ లెటర్ వచ్చింది. అది వచ్చిన వారంలోనే భర్తీకి వెళ్ళి సైన్యంలో సంతకం పెట్టేశాను. మా వాళ్ళది శ్రీకాకుళం వైపు. తాత పట్టాలు వేసే పనికి వచ్చి బిలాస్‌పూర్‌లోనే ఉండిపోయాడు. నాన్న గ్యాంగ్‌మన్. బిలాస్‌పూర్ పక్కన కోటా వైపు, కట్నీ లైను మీద ఆయన బీటు, అంటే రోజూ నడిచి పట్టాలు చూసుకునే ముక్క. మా వరసలో తెలుగు క్వార్టర్లు పదకొండు. చేతికొచ్చిన రైల్వే ఉద్యోగాన్ని వద్దన్న మొదటి వెధవని నేనే.

"షెడ్డులో పని ఒగ్గీసి మంచులో నిలబడతావేటిరా? ఆడ నీకేటి పనుంది?" అన్నాడు నాన్న.

పన్నెండో ఏటి నుంచీ ఒంటి మీద ఆ యూనిఫాం తప్ప ఇంకేదీ ఊహించుకోలేకపోయాను. ఎందుకని అడిగితే ఏం చెప్పను?

అమ్మే అంది. "దేవుడు ఆడి బుర్రలో పెట్టీసిన పని అది. నువ్వు తీసీమంటే పోతాదేటి? ఎల్లనీ."

నాన్న స్టేషన్‌కి రాలేదు. ఆ తర్వాత రెండుసార్లు సెలవు మీద ఇంటికి వెళ్ళినా "తిన్నావా?" అన్న ఒక్క మాటే. ఉత్తరాలు చెల్లి రాసేది, హిందీలో. తెలుగు రాయడం దానికి రాదు. నాన్న తన తరఫున ఒక్క ముక్క కూడా రాయించలేదు. పోస్ట్‌లో రోజూ సెట్ ముందు కూర్చున్నప్పుడు ఆయన ప్రశ్న వచ్చి నా పక్కన కూర్చునేది. ఆడ నీకేటి పనుంది?

మేం ఏడుగురం. రెండు ఫైబర్ గుడిసెలు, ఒక కిరోసిన్ పొయ్యి. పొద్దున్న ఐదింటికి మంచు పారతో తవ్వి తలుపు తెరవాలి. ఆరింటికి రేడియోలో హాజరు. మంచు కరిగించి నీళ్ళు చేసుకోవాలి. ఒక మగ్గు నీళ్ళకి ఇరవై నిమిషాలు. కోడిగుడ్డు సుత్తితో కొట్టినా పగిలేది కాదు. ఇవన్నీ మా కాలనీలో చెబితే నవ్వారు. మీరూ నవ్వండి, తప్పులేదు.

ఒక్క సంగతి మాత్రం గుర్తుంచుకోండి. కింది నుంచి పోస్ట్‌కి దారి తిన్నగా రాదు. చివర్లో కుడికి తిరిగి, మలుపు దగ్గర పాతిన ఎర్ర జెండా దాకా వెళ్ళి, అక్కడినుంచి పోస్ట్‌కి ఎక్కాలి. మలుపు జెండా నుంచి పోస్ట్ దాకా పట్టుకోవడానికి ఒక తాడు బిగించి ఉంటుంది. తిన్నగా ఎందుకు రాకూడదంటే, మధ్యలో మంచు నోరు తెరిచిన పగులు ఉంది. పైన పల్చటి మంచు పొర, కింద చీకటి. వంటవాడు ఒకసారి అందులో మగ్గు జారవిడిచాడు. అడుగు తాకిన చప్పుడు మాకు వినపడలేదు.

నలభై మూడో రోజు. పొద్దున్న ఏడింటికి కింది క్యాంపు నుంచి ముగ్గురి గస్తీ కిరోసిన్ మోసుకుని మా దగ్గరికి బయలుదేరింది. ముందు హవల్దార్, వెనక ఇద్దరు సిపాయీలు, ఒకే తాడు. పన్నెండూ యాభైకి గాలి లేచింది. ఐదు నిమిషాల్లో లోకం తెల్లగా అయిపోయింది. నేలా ఆకాశం ఒకటే తెలుపు. చెయ్యి చాపితే నా చెయ్యే కనపడలేదు.

ఒంటిగంటా పదిహేనుకి సెట్‌లో హవల్దార్ గొంతు. "దగ్గరికి వచ్చేశాం. దారి జెండాలు కనపడటం లేదు. బ్యాటరీ పోతోంది. ఓవర్."

"ఇక్కడ డబ్బా కొడతాం. చప్పుడు వచ్చే వైపు రండి. ఓవర్," అన్నాను.

"వస్తున్నాం."

తర్వాత సెట్ మూగబోయింది. గుడిసె బయట వంటవాడు ఖాళీ కిరోసిన్ డబ్బా అందుకుని దబదబా బాదడం మొదలుపెట్టాడు. మంచి మాట చెప్పానని ఓ మూడు నిమిషాలు నాకు గర్వంగానే ఉంది. అప్పుడు దారి గుర్తొచ్చింది. చప్పుడు పోస్ట్ దగ్గర. దాన్ని పట్టుకుని వస్తే వాళ్ళు తిన్నగా వస్తారు. తిన్నగా వస్తే పగులు. నా నోటి మాటే ముగ్గురిని అందులోకి నడిపిస్తోంది. వద్దని చెప్పడానికి అవతల బ్యాటరీ లేదు.

ఆ క్షణంలో నాకు కనపడింది నాన్న. జనవరిలో కోటా వైపు పొగమంచు పడితే ఆయనకి పటాకా డ్యూటీ పడేది. పటాకా అంటే మందు కూరిన రేకు బిళ్ళ. దాన్ని పట్టాకి బిగిస్తారు. ఇంజన్ చక్రం ఎక్కగానే పేలుతుంది. సిగ్నల్ రాబోతోందని డ్రైవర్‌కి తెలుస్తుంది. నా చిన్నప్పుడు ఆయన అన్నం తింటూ చెప్పిన మాటలు చెవిలో మోగాయి. "సిగ్నల్ కాడ పెడితే ఏటి లాభం? దాటీసినాక మోగితే డ్రైవరేటి సేస్తాడు? ముందర పెట్టాల. రెండు పెట్టాల. ఒకటి పేలితే రాయేమో అనుకుంటాడు. రెండు పేలితే మనిషి పెట్టినాడని తెలుస్తాది."

"సాబ్, డబ్బా ఆపించండి. దాన్ని మలుపు జెండా దగ్గరికి నేను తీసుకెళ్తాను," అన్నాను.

"నువ్వు ఆపరేటర్‌వి. సెట్ వదలకూడదు."

"తప్పు చెప్పింది నేనే సాబ్. వాళ్ళు పగులు మీదికి వస్తున్నారు."

సుబేదార్ నా మొహం చూశాడు. "అక్కడ కొడితే వాళ్ళకి తెలుస్తుందా?"

"తెలుస్తుంది సాబ్. మా నాన్న గ్యాంగ్‌మన్. పొగమంచులో రైళ్ళని ఇలాగే జాగ్రత్త చేస్తారు."

ఆయన నా స్టూల్ మీద కూర్చుని హెడ్‌ఫోన్ పెట్టుకుని, గుమ్మం దగ్గరున్న సిపాయితో అన్నాడు. "నర్సింగ్, వీడి నడుముకి తాడు కట్టు. వదిలావంటే నిన్ను తంతాను."

డబ్బా ఆగింది. అంతకంటే భయంకరమైన పని నేను జీవితంలో చేయలేదు. బయట ముగ్గురు మనుషులు, వాళ్ళకున్న ఒకే ఒక్క ఆధారాన్ని నేను ఆపించాను. బిగించిన తాడు పట్టుకుని రెండు వందల పది అడుగులు నడిచాను. ఆరు నిమిషాలు పట్టింది. చేతికి జెండా కర్ర తగిలింది. మోకాళ్ళ మీద కూర్చుని మంచుగొడ్డలి వెనక వైపుతో డబ్బా మీద రెండు దెబ్బలు కొట్టాను. పది లెక్కపెట్టాను. మళ్ళీ రెండు.

అక్కడ మంచు ఊరికే విరుగుతుంటుంది, తుపాకీ పేలినట్టు. అది ఒక్కసారే. అందుకే నేను రెండేసి తప్ప కొట్టలేదు. పై గ్లవ్ తడిసి జారిపోతుంటే తీసి పడేశాను. అది తెలివితక్కువ పని. కుడి చేతి చివరి రెండు వేళ్ళు కాసేపు మండాయి, తర్వాత ఊరుకున్నాయి. ఊరుకోవడం మంచిది కాదని తెలుసు. అమ్మ మొక్కుకునే పైడితల్లిని తలుచుకుందామనుకున్నాను. లెక్క తప్పుతుందని మానేశాను. గంటా ఇరవై ఐదు నిమిషాలు కొట్టాను. ఆ సేపంతా నాలో సందేహం లేదు. పన్నెండో ఏటి నుంచి నన్ను కుదురుగా ఉండనివ్వనిది ఈ పనే అని తెలిసిపోయింది. నాన్న నేర్పిన పని, నాన్న వద్దన్న చోట.

మూడూ ఐదుకి వాళ్ళు వచ్చారు. ముగ్గురూ వచ్చారు.

"మొదటి చప్పుడు ఆగగానే మేం ఆగిపోయాం," అన్నాడు హవల్దార్ పొయ్యి పక్కన వణుకుతూ. "కర్రతో గుచ్చి చూస్తే ఎదురుగా మంచు గుల్ల. తర్వాత కుడివైపు రెండు దెబ్బలు. మళ్ళీ రెండు. మంచు రెండేసి సార్లు విరగదు కదా. మనిషే అనుకున్నాం."

రెండు వేళ్ళ కొసలు ఆసుపత్రిలో తీసేశారు. ఇంకో ఉద్యోగం చూసుకోమన్నవాళ్ళున్నారు. ఎడమ చేత్తో సెట్ నడపడం నేర్చుకుని ఇంకో పదమూడేళ్ళు పనిచేశాను.

ఆ ఎండాకాలం ఇంటికి వచ్చాను. బండి బిలాస్‌పూర్‌లో ఆగగానే కూతలు, అరుపులు, బొగ్గు వాసన. చెవులు నొప్పిపెట్టాయి. ఇంటి ముందు నాన్న బీటుకి వెళ్ళే బూట్ల తాళ్ళు కట్టుకుంటున్నాడు. నా చెయ్యి చూసి ఆగిపోయాడు.

"ఏటయింది?"

చెప్పాను. గుమ్మంలోనే నిలబడి అంతా చెప్పాను. చివరిదాకా విని అడిగాడు.

"ఎంత ముందర కొట్టినావు?"

"రెండొందల పది అడుగులు నాన్నా."

"రెండేసేనా?"

"రెండేసే."

"అచ్ఛా," అన్నాడు. నా చెయ్యి తీసుకుని, లేని కొసల మీద బొటనవేలు పెట్టి చాలాసేపు ఉంచాడు. "అయితే ఆడ నీకు పనుందిరా."

నేను ఏడ్చాను. పాతికేళ్ళు దాటబోతున్న సిపాయిని, క్వార్టర్ల వరసంతా చూస్తుండగా ఏడ్చాను.

నాన్న ఇప్పుడు లేడు. నేను అదే కాలనీకి దగ్గర్లో ఉంటున్నాను. ఆ మంచులో ఇంకేం చూశావని పిల్లలు అడుగుతారు. శిఖరాల సంగతి చెబుతాను. కళ్ళు మూసుకుంటే మాత్రం వచ్చేది శిఖరాలు కాదు. అంతా తెలుపు. నేను రెండు కొట్టి పది లెక్కపెడుతున్నాను. ఏడు దగ్గర, ఎదురుగా ఆ తెలుపులోంచి మంచు గుచ్చి చూసే కర్ర మొన ఒకటి బయటికి వస్తుంది. దాని వెనక చెయ్యి కనపడదు, మనిషి కనపడడు. అది మెల్లగా కిందికి దిగి, నా డబ్బాకి బారెడు దూరంలో మంచు మీద రెండుసార్లు పొడుస్తుంది.